యుద్ధ నౌక ఎక్కి చూడాలంటే.. విశాఖలో ఎప్పుడు, ఎలా, ఏం చూడాలి?

డిసెంబర్ దగ్గర పడుతుందంటే తెలిసినవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "భాయ్, వైజాగ్‌లో నేవీ షిప్పుల్లోకి జనాన్ని పంపిస్తారట కదా, మనల్ని రానిస్తారా?" చాలామంది దీనికి పెద్ద ఆఫీసరు సిఫార్సు కావాలనుకుంటారు. ఇంకొందరైతే మనలాంటి వాళ్లకి అక్కడేం పని అని ఆ ఆలోచనే మానేస్తారు. రెండూ తప్పే. నౌకలు తెరిచిన రోజు సరైన గుర్తింపు కార్డు చేతిలో ఉన్న ఏ భారతీయుడైనా క్యూలో నిలబడి ఎక్కొచ్చు. ఆ నౌకలు నడిచేది మనందరి పన్ను డబ్బులతోనే.

పిల్లలకు ఇది సరదా. ఇంటర్ చదివే కుర్రాళ్లకు, అమ్మాయిలకు మాత్రం అంతకంటే పెద్ద విషయం. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నౌకలు ఎప్పుడు తెరుస్తారు?

ఏటా డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం. దానికి ముందూ వెనకా నేవీ వీక్ పేరుతో కార్యక్రమాలు జరుగుతాయి. వాటిలో భాగంగా కొన్ని నౌకలను ఒడ్డున కట్టి స్కూలు పిల్లలకు, మామూలు జనానికి చూపిస్తారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది కాబట్టి తెలుగువాళ్లకు దగ్గరి చోటు అదే. పెద్ద విన్యాసాలు జరిగినప్పుడు కూడా ఊరంతా నేవీ సందడే. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ, 2022 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫ్లీట్ రివ్యూ, 2024 ఫిబ్రవరిలో మిలన్ విన్యాసాలు విశాఖలోనే జరిగాయి.

డిసెంబర్ 4 వెనుక 1971 యుద్ధం ఉంది. ఆ రాత్రి మన నౌకాదళం ఆపరేషన్ ట్రైడెంట్ పేరుతో కరాచీ రేవు మీద దాడి చేసింది. నిపట్, నిర్ఘాట్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు ఆ పని చేశాయి. దాని గుర్తుగానే ఈ దినోత్సవం.

ఒక జాగ్రత్త. తేదీలు ఏటా ఒకేలా ఉండవు. 2023లో ప్రధాన వేడుక మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో, 2024లో ఒడిశాలోని పూరీలో జరిగాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో జరిగే విన్యాసాల ప్రదర్శన ఒక్కోసారి తుఫాను వల్లో, ఇంకో కారణం వల్లో వెనక్కి జరుగుతుంది. 2024 డిసెంబర్‌లో జరగాల్సినది 2025 జనవరి 4న జరిగింది. అందుకే హైదరాబాద్, కర్నూలు లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నేవీ ప్రకటన, స్థానిక పేపర్లు చూసుకున్నాకే రైలు టికెట్ తీసుకోండి.

ఇక్కడ రెండు కార్యక్రమాలను కలిపేసి పొరబడేవాళ్లు ఎక్కువ. బీచ్‌లో జరిగేది విన్యాసాల ప్రదర్శన. హెలికాప్టర్లు, కమాండోలు, దూరంగా వరసగా వెళ్లే నౌకలు, చీకటి పడ్డాక వాటి దీపాలు అన్నీ ఒడ్డు మీద నుంచే చూడొచ్చు. నౌక ఎక్కడం వేరు. దానికి ప్రకటనలో చెప్పిన రోజున, చెప్పిన గేటు దగ్గరికే వెళ్లాలి.

గేటు దగ్గర ఏం కావాలి?

ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మీ కార్డు నేనే ఇంట్లో మర్చిపోయాను. గంటసేపు లైన్లో నిలబడి గేటు నుంచే వెనక్కి వచ్చేశాం. తప్పు నాదే. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే అందరి కార్డులూ ఒక కవర్లో పెట్టుకోండి.

బ్యాగులు, కెమెరాలు, తినే వస్తువులు తీసుకెళ్లకపోవడమే మంచిది. ఫోను విషయంలో ఆ రోజు గేటు దగ్గర ఏం చెప్తే అదే రూలు. లోపలికి రానిచ్చినా ఫొటోలు తీయొద్దన్న చోట తీయకండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు మీతో ఉంటే ముందే కనుక్కోండి, వాళ్లకు నిబంధనలు వేరుగా ఉంటాయి.

బట్టలు, చెప్పుల గురించి కూడా చెప్పాలి. నౌకలో మెట్లంటే ఇంట్లో మెట్లు కావు, దాదాపు నిట్టనిలువు ఇనుప నిచ్చెనలు. హీల్స్, జారే చెప్పులు వద్దు. చీర, పొడవాటి బురఖా నిచ్చెన అంచుకు తగులుకుంటాయి. మా అమ్మీకి అదే జరిగింది. కింద నిలబడ్డ సెయిలర్ కుర్రాడు "అమ్మా, నిచ్చెన వైపు ముఖం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని దిగండి" అని చెప్పాడు. నౌకలో వాళ్లు దిగే పద్ధతీ అదే. సల్వార్, దాని మీద కాస్త పొట్టి అబాయా అయితే సులువు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పై డెక్ వరకే తీసుకెళ్లండి. చంటిపిల్లల్ని ఎత్తుకుని నిచ్చెన దిగొద్దు. నమాజు వేళకు క్యూలో ఇరుక్కోకుండా ఉండాలంటే గేటు తెరిచే టైముకే చేరుకోండి, తర్వాతైతే క్యూ పెరిగిపోతుంది.

ఏ నౌక ఏదో ఎలా తెలుస్తుంది?

నౌక పక్క భాగంలో పెద్దగా ఒక ఇంగ్లీషు అక్షరం, అంకెలు రాసి ఉంటాయి. అక్షరాన్ని బట్టి నౌక రకం చెప్పేయొచ్చు. డి అంటే డిస్ట్రాయర్, ఎఫ్ అంటే ఫ్రిగేట్, పి అంటే కార్వెట్, ఎల్ అంటే సైన్యాన్ని తీరంలో దించే నౌక, ఏ అంటే ఇంధనం, సరుకులు అందించే సహాయక నౌక.

ఐఎన్‌ఎస్ శివాలిక్ మీద ఎఫ్47 అని, ఐఎన్‌ఎస్ కమోర్తా మీద పి28 అని ఉంటుంది. కమోర్తా తరగతిలో నాలుగు నౌకలు. నాలుగూ కోల్‌కతాలో తయారయ్యాయి, జలాంతర్గాములను వెతికి పట్టడం వాటి పని. మిగతా మూడింటి పేర్లు కద్మత్, కిల్తాన్, కవరత్తి. ఇవి లక్షద్వీప్ దీవుల పేర్లు.

ఎల్41 అని కనిపిస్తే అది ఐఎన్‌ఎస్ జలాశ్వ. ఒకప్పుడు అమెరికా నేవీలో ట్రెంటన్ పేరుతో ఉండేది. 2007లో మన దగ్గరికి వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మేలో, మాల్దీవుల్లో చిక్కుకున్న 698 మందిని ఎక్కించుకుని కొచ్చికి తెచ్చిన నౌక ఇదే. యుద్ధ నౌక అనగానే మనకు ఫిరంగులే గుర్తొస్తాయి. ఇలాంటి పని కూడా వాళ్ల డ్యూటీలో భాగమే.

ఇంకో చిన్న సంగతి. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే డిస్ట్రాయర్ ఉంది, 2021 నవంబర్ 21న నేవీలో చేరింది, పొడవు 163 మీటర్లు. పేరు మన ఊరిదే అయినా అది ఉండేది ముంబై కేంద్రంగా. విశాఖ వెళ్తే అదే కనిపిస్తుందనుకుని వెళ్లకండి.

ఎక్కాక ఏం చూడాలి? మామూలుగా పై డెక్, ముందున్న ఫిరంగి, క్షిపణి లాంచర్లు, వెనక హెలికాప్టర్ దిగే చోటు చూపిస్తారు. వీలైతే నౌకను నడిపే బ్రిడ్జి కూడా. శత్రువు కదలికలు గమనించే ఆపరేషన్స్ రూమ్ లాంటివి చూపించరు, అడగడం కూడా అనవసరం. ఎడమ వైపు ఎర్ర దీపం, కుడి వైపు ఆకుపచ్చ దీపం ఎందుకో పిల్లల చేత అడిగించండి. రాత్రి ఎదురుగా వచ్చే నౌక ఎటు తిరుగుతోందో ఆ రెండు రంగుల్ని చూసే తెలుసుకుంటారు. వేగం చెప్పేటప్పుడు నాట్లలో చెప్తారు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. "30 నాట్లు" అంటే గంటకు దాదాపు 55 కిలోమీటర్లు. బస్సు వేగమే కదా అనిపిస్తుంది, కానీ కదిలేది వేల టన్నుల ఇనుము.

ఏడాది పొడవునా చూడొచ్చు: కురుసుర

డిసెంబర్‌లో కుదరకపోతే బాధపడక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లొచ్చు. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోండి.

సోవియట్ యూనియన్ నుంచి మనం తీసుకున్న మొదటి నాలుగు జలాంతర్గాముల్లో కురుసుర ఒకటి. 1969 డిసెంబర్ 18న రీగాలో మన నేవీలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ల సర్వీసు తర్వాత 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. సముద్రం నుంచి ఒడ్డుకు లాగి, పునాది మీద కూర్చోబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు.

పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే చాలా పెద్దది. లోపలికి వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనుప ద్వారం గుండా వంగి, కాలు ముందు పెట్టి దూరాలి. అందులో 75 మంది పని చేసేవాళ్లు. 22 టార్పెడోలు పట్టేవి. వాటిని వదలడానికి ముందు ఆరు, వెనక నాలుగు గొట్టాలు. నీటి పైన డీజిల్ ఇంజిన్లతో నడుస్తూ బ్యాటరీలు ఛార్జి చేసుకునేది, నీటి అడుగున ఆ బ్యాటరీలతో నడిచేది. సోనార్ గది, వంటగది, పడకలు అన్నీ అలాగే ఉంచారు. అక్కడక్కడా సెయిలర్ల బొమ్మలు పెట్టారు.

గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ ఉద్యోగులు. చాలామంది గబగబా పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. అలా చేయకండి. పడక ఎదురుగా నిలబడి "ఇక్కడ ఎన్నాళ్లు ఉండేవాళ్లు సర్, స్నానం ఎలా?" అని అడగండి. మంచినీళ్లు ఎంత లెక్కగా వాడేవాళ్లో, వెలుతురు లేకుండా రోజులెలా గడిచేవో వాళ్లు చెప్తే వినాలి. బోర్డుల మీద ఉండని సంగతులు అవి.

రోడ్డుకు అవతల టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. సముద్రం మీద గస్తీ తిరిగిన భారీ విమానం అది. 29 ఏళ్ల సర్వీసు తర్వాత 2017 మార్చిలో రిటైరైంది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం అయ్యింది. రెండూ ఒకే పూటలో చూసేయొచ్చు.

బీచ్ రోడ్డులో ఒక్క నిమిషం ఆగండి

అదే రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది అది. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నేవీ చెప్తుంది. అందులో లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. ఆ 93 మందిలో ఒక్కరూ బతకలేదు. దాని శిథిలాలు ఇంకా అక్కడే సముద్రం అడుగున ఉన్నాయి. చనిపోయినవాళ్ల మీద గౌరవంతో మన నౌకాదళం వాటిని కదపలేదు.

కొన్ని రోజులకే, డిసెంబర్ 9న, మన ఐఎన్‌ఎస్ ఖుక్రీ అరేబియా సముద్రంలో మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదలకుండా దానితో పాటే వెళ్లిపోయారు. పిల్లలకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి. యుద్ధమంటే సినిమా కాదని అప్పుడు అర్థమవుతుంది.

టికెట్ లేకుండా నౌకలను చూసే చోటు కూడా ఒకటుంది. విశాఖ హార్బర్ ముఖద్వారం దగ్గర మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ మీద ఇసాక్ మదీనా దర్గా. దర్గా దర్శనానికి వెళ్తే కింద ఛానల్‌లోంచి లోపలికీ బయటికీ వెళ్లే ఓడలు కనిపిస్తాయి. నేవీ ప్రాంతాల వైపు ఫోను మాత్రం ఎత్తకండి.

ఓడ మీద మన మాటలు

నౌకల గురించి వింటుంటే చాలా మాటలు మన ఇంట్లోవే అనిపిస్తాయి. అడ్మిరల్ అనే పదం అరబ్బీ "అమీర్" నుంచి వచ్చింది. లంగరు, సరంగు, బందరు ఫారసీ నుంచి వచ్చినవి. రేవులో పని చేసే కళాసీ "ఖలాసీ" నుంచి. తుఫాను కూడా అలా వచ్చిందే. మాన్‌సూన్ అనే ఇంగ్లీషు మాట అరబ్బీ "మౌసిమ్", మనం ఉర్దూలో అనే మౌసమ్. మచిలీపట్నాన్ని ఇప్పటికీ బందరు అనే పిలుస్తాం. అరబ్బు, ఇరానీ ఓడలు వచ్చిపోయిన తీరం కాబట్టి ఈ మాటలు ఇక్కడే ఉండిపోయాయి.

మిగతా చోట్ల

ముంబై, కొచ్చి, చెన్నైలలోనూ నేవీ వీక్‌లో నౌకలను చూపిస్తుంటారు. మ్యూజియంగా మారిన చిన్న నౌకల్లో కర్ణాటకలోని కార్వార్ బీచ్‌లో క్షిపణి పడవ చపల్, డయ్యూలో కార్వెట్ ఖుక్రీ ఉన్నాయి. ఈ ఖుక్రీ 1971లో మునిగిన నౌక పేరుతో తర్వాత కట్టినది.

పెద్ద నౌకల విషయంలో మాత్రం మనది బాధపడే కథే. మొదటి విక్రాంత్ 1997లో రిటైరయ్యాక ముంబైలో మ్యూజియంగా ఉండేది. 2012లో మూసేశారు, తర్వాత తుక్కుకు అమ్మేశారు. 2017లో రిటైరైన విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియం చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పట్లో ప్రయత్నించింది. వందల కోట్ల ఖర్చు ఎవరు పెట్టాలనే దగ్గరే ఆగిపోయింది. 2020 సెప్టెంబర్‌లో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకు చేరింది. కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ఖర్చు లెక్క నాకూ తెలుసు. ఇనుప నౌక ఉప్పు నీళ్లలో ఉంటే ఏటా రిపేరే. టికెట్ల డబ్బు ఒక్కటే దానికి సరిపోదు. కానీ చూసేవాళ్లు లేకపోతే నిలబెట్టాలని అడిగేవాళ్లూ ఉండరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు అవకాశాలు ఎక్కువ. న్యూయార్క్‌లో విమాన వాహక నౌక ఇంట్రెపిడ్, శాన్‌డియాగోలో మిడ్‌వే, న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో న్యూజెర్సీ యుద్ధ నౌక మ్యూజియంలుగా ఉన్నాయి. మే నెలలో న్యూయార్క్ ఫ్లీట్ వీక్‌లో పని చేస్తున్న నౌకలను కూడా చూపిస్తారు. లండన్‌లోనైతే థేమ్స్ నది మీద బెల్‌ఫాస్ట్ ఉంది. జనం కోసం 1971లో తెరిచారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంటర్ పిల్లలున్న ఇంటికి..

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న సంగతి. నౌక దిగేటప్పుడు ఒక యువ ఆఫీసరుతో మాట కలిపాను. ఏ బ్రాంచ్ అని అడిగితే లాజిస్టిక్స్ అన్నారు. నౌకకు కావాల్సిన సరుకులు, జీతాలు, లెక్కలు చూసే శాఖ. దానికి బీకాం వాళ్లు కూడా అప్లై చేయొచ్చట. ఫస్ట్ క్లాస్‌తో పాటు ఫైనాన్స్, లాజిస్టిక్స్ లేదా సప్లై చైన్‌లో పీజీ డిప్లొమా ఉండాలి. వయసు 25 లోపు. నేను బీకాం ఫస్ట్ క్లాస్. అప్పటికే నాకు వయసు దాటిపోయింది. కాలేజీలో ఉన్న మూడేళ్లలో బ్యాంకు, గ్రూప్స్, టాలీ తప్ప ఇంకో మాట నా చెవిన పడలేదు.

అందుకే వివరంగా చెప్తున్నా. టెన్త్ పాసైనవాళ్లకు అగ్నివీర్ ఎంఆర్, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినవాళ్లకు అగ్నివీర్ ఎస్‌ఎస్‌ఆర్ ఉన్నాయి. వయసు పదిహేడున్నర నుంచి 21 మధ్య, పెళ్లి కాకూడదు. 2022లో మొదటి బ్యాచ్ నుంచే అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో. సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత 25 శాతం మంది వరకే కొనసాగిస్తారు. మిగతావాళ్లు బయటికి రావాలి, ఆ సంగతి తెలుసుకునే దిగాలి. ఆఫీసరు కావాలంటే ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎన్డీఏ పరీక్ష, డిగ్రీ తర్వాత షార్ట్ సర్వీస్ దారి. నోటిఫికేషన్లు నేవీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైట్‌లో వస్తాయి. డబ్బులిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులను నమ్మకండి. అర్హతలు మారుతుంటాయి కాబట్టి ప్రతి నోటిఫికేషన్ చదువుకున్నాకే అప్లై చేయండి.

నౌకలు తెరిచిన రోజున యూనిఫాంలో ఉన్నవాళ్లు మన ముందే నిలబడి ఉంటారు. వాళ్లను నేరుగా అడిగే అవకాశం మిగతా ఏడాదంతా రాదు. పిల్లల్ని ఫిరంగి పక్కన నిలబెట్టి ఫొటో తీయడంతో ఆపకండి. "భయ్యా, మీరేం చదివారు, ఎలా వచ్చారు?" అని వాళ్ల చేతే అడిగించండి. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. ఈ డిసెంబర్‌లో వాణ్ని తీసుకెళ్తున్నా. ఆధార్ కార్డులు ఇప్పుడే కవర్లో పెట్టేశాను.